బిళ్ళగన్నేరు: ఆకులో విషం, అణువులో ప్రాణం

*నెల్లూరు తీరంలో ఏ పాలెం చూసినా గోడవారన పూసి ఉండే అయిదు రెక్కల పువ్వు. ‘నాలుగాకులు నమిలితే షుగర్ మాయం’ అంటూ ఫోన్లలో తిరుగుతున్న వీడియోలతో ఇప్పుడు అందరి నోటా అదే. ఆ మొక్క లక్షలమంది పిల్లల్ని బతికించిన మాట నిజం. అలా బతికించింది మాత్రం ఆకు నమలడం వల్ల కాదు.*

తెల్లారి ఆరు దాటింది. మైపాడు దగ్గర ఓ పాలెం. వేటకెళ్లిన పడవలింకా ఒడ్డుకు రాలేదు. అరుగు మీద ఇద్దరు ముసలాళ్లు నైలాను వల పరుచుకుని తెగిన కన్నులు అల్లుతున్నారు. ఇంటి గోడకూ ఇసుకకూ మధ్య జానెడు సందులో బిళ్ళగన్నేరు గుబురు. రాత్రంతా కొట్టిన ఉప్పుగాలికి పక్కనున్న బంతిమొక్క వాడి తల వాల్చేసింది. బిళ్ళగన్నేరు ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి. అరవై దాటిన ఇంటి పెద్దాయన వంగి నాలుగు లేతాకులు తుంచాడు. లుంగీ అంచుకు తుడుచుకుని నోట్లో వేసుకోబోయాడు.

“మామా, ఆగు. ఏందది? మళ్లా ఆ ఆకేనా?” లోపల్నుంచి కోడలి గొంతు.

“షుగరుకి మంచిదంటమ్మా. ఫోన్లో డాక్టరే చెప్పినాడు.”

“ఏ డాక్టరు మామా? మనూరోడా, మనకు చూసినోడా? మొన్న మాత్ర ఏసుకుని, దాని మీద ఆకు నమిలి, కళ్లు తిరిగి ఈడనే గదా కూలబడితివి!”

ఇలాంటి మాటలు ఇప్పుడు తీరమంతా వినిపిస్తున్నాయి. కావలి దగ్గర తుమ్మలపెంటలో, కొత్తకోడూరులో, కృష్ణపట్నం చుట్టుపక్కల పల్లెల్లో ఈ మొక్క లేని ఇల్లు తక్కువ. షుగర్ లేని ఇల్లూ తక్కువే అయిపోయింది. చేతికందే మొక్క, చేతిలో ఫోను, నెలనెలా మందుల ఖర్చు. ఈ మూడూ కలిసిన చోట ఆ వీడియోను నమ్మడం తేలిక. నమ్మినవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఆ నమ్మకానికి వెనక నిజంగానే ఒక చరిత్ర ఉంది. అది సగమే చెప్పడం వల్లనే ప్రమాదం వస్తోంది. మిగతా సగం కూడా తెలియాలి.

ఇసుక మెచ్చిన మొక్క

నెల్లూరు తీరంలో బతకడం మొక్కకు పరీక్ష. నీళ్లు నిలవని ఇసుక, వేసవిలో కాళ్లు మోపనివ్వని వేడి, ఏడాది పొడుగునా ఉప్పుగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటి వెంట తుపాన్లు. బకింగ్‌హామ్ కాలువకు అటూ ఇటూ రొయ్యల గుంటలు వచ్చాక నేలలో ఉప్పు ఇంకా పెరిగింది. ఇక్కడ నిలబడేవి కొన్నే: సరుగుడు, జీడిమామిడి, తాడి, ఇసుక మీద పాకే ఊదాపూల తీగ, బంతిలా దొర్లుకుంటూ పోయే రావణాసురుడి మీసాలు. వాటి సరసన, ఎక్కడో మడగాస్కర్‌లో పుట్టిన బిళ్ళగన్నేరు సొంతూరికి వచ్చినట్టు స్థిరపడిపోయింది.

దీనిది గన్నేరు కుటుంబమే. నందివర్ధనం, దేవగన్నేరు, పచ్చగన్నేరు, జిల్లేడు, సర్పగంధ అన్నీ దీని చుట్టాలు. కాయో కొమ్మో తుంచితే పాలు కారడం, ఆ పాలలో చేదో విషమో ఉండటం ఈ వంశం లక్షణం. అందుకే పాలెంలో ముళ్లకంపను సైతం వదలని మేకలు బిళ్ళగన్నేరును మూతితో వాసన చూసి పక్కకెళ్లిపోతాయి. ఒక్క జీవి మాత్రం ఈ చేదుకు జంకదు. గన్నేరు మీద బతికే పెద్ద రెక్కలపురుగు గొంగళి, వేలెడు పొడవున ఆకుపచ్చగా, మెడ దగ్గర రెండు నీలి కళ్లలాంటి మచ్చలతో ఉంటుంది. ఒక్క రాత్రిలో కొమ్మ మొత్తం దూసేసిపోతుంది. పొద్దున్నే మోడుగా మారిన మొక్కను చూసి ‘ఎవరో ఆకు కోసుకెళ్లారు’ అనుకునేవాళ్లున్నారు.

పువ్వును దగ్గరగా చూడండి. మొగ్గలో అయిదు రెక్కలూ ఒకే వైపుకు మెలిపెట్టి చుట్టుకుని ఉంటాయి. విచ్చుకున్నాక గాలిమర ఆకుల్లా ఓ పక్కకు ఒరుగుతాయి. నడుమ సూది దూరేటంత రంధ్రం. దాని కింద సన్నటి గొట్టం, గొట్టం అడుగున తేనె. పొడవాటి తొండం ఉన్న సీతాకోకచిలుకలకూ రెక్కలపురుగులకూ తప్ప అది అందదు. పువ్వు రాలాక జంట కాయలు నిలువుగా లేస్తాయి. ఎండి చిట్లితే ఆవగింజకన్నా చిన్న నల్లటి గింజలు రాలి, గోడ పగుళ్లలో, మెట్ల సందుల్లో, సమాధుల రాళ్ల మధ్య మొలుస్తాయి. నీళ్లు పోసే దిక్కులేని చోట్ల పూస్తుంది కాబట్టే తడ దాటి తమిళ ఊళ్లలోకి వెళ్తే దీన్ని శ్మశానపు మల్లె అని కూడా అంటారు. మన ఇళ్లలో మాత్రం తెల్లపూలు కోసి దేవుడి పటం ముందు పెడతారు. వాసన లేదు, దండకు ఆగదు కాబట్టి జడలోకి చేరలేదు.

ఎనిమిదిమందిలో ఒకరు మనవాళ్లు

ఈ ప్రజాతిని శాస్త్రవేత్తలు కాథరాంథస్ అంటారు. 1759లో లిన్నేయస్ మన బిళ్ళగన్నేరుకు వింకా రోజియా అని పేరు పెట్టాడు. అప్పటికే మడగాస్కర్ గింజలు పారిస్ రాజోద్యానానికీ, అక్కడినుంచి లండన్‌లోని చెల్సియా వనానికీ చేరి ఉన్నాయి. 1837లో జార్జ్ డాన్ దాన్ని వింకాల గుంపులోంచి విడదీసి కాథరాంథస్‌లో చేర్చాడు. నర్సరీవాళ్లు మాత్రం ఈ నాటికీ ‘వింకా’ అనే అంటారు. గింజల పొట్లం మీదా అదే పేరు.

ప్రజాతిలో మొత్తం ఎనిమిది జాతులు. ఏడు మడగాస్కర్ దీవిలో పుట్టినవి. వాటిలో ప్రపంచమంతా తిరిగింది మన గోడవారన ఉన్న రోజియస్ ఒక్కటే. ఎనిమిదోది పుసిల్లస్. దీని పుట్టిల్లు భారతదేశం, శ్రీలంక.

ఆ ఎనిమిదోదాన్ని గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఎందుకంటే దాన్ని మనం రోజూ తొక్కుకుంటూ నడుస్తాం. జానెడు ఎత్తు, సన్నటి కోల ఆకులు, చిటికెన వేలి గోరంత తెల్ల పువ్వు. తోబుట్టువులన్నీ ఏళ్ల తరబడి బతికే బహువార్షికాలైతే, ఇది ఒక్క వానకాలంలో మొలిచి, పూసి, గింజ రాల్చి ఎండిపోతుంది. చేలగట్ల మీద, బీళ్లలో కలుపుగా వస్తుంది. తోటల అందానికి పనికిరాదని ఎవరూ పెంచలేదు, మందు మొక్కగా పెద్దక్క సంపాదించిన పేరు దీనికి రాలేదు. ఏడు తోబుట్టువులకు సముద్రం ఇవతల, ఒంటరిగా ఇది ఎలా మిగిలిందన్న ప్రశ్న ఒక్కటి చాలు, కలుపు తీసేటప్పుడు ఓ మొక్కను చేతిలోకి తీసుకుని చూడటానికి. కాలేజీల్లో వృక్షశాస్త్రం చదివే పిల్లలకు మడగాస్కర్ దాకా వెళ్లే పని లేదు. పొలంగట్టు మీద ప్రజాతిలో రెండు జాతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

■ కుటుంబ పరిచయం
- ప్రజాతి: కాథరాంథస్. 8 జాతులు.
- మడగాస్కర్ జాతులు: రోజియస్, కోరియేషియస్, లాన్సియస్, లాంగిఫోలియస్, ఒవాలిస్, సిటులస్, ట్రైకోఫిల్లస్.
- మన జాతి: పుసిల్లస్. తెల్ల పూలు, ఏకవార్షికం.
- పాతకాలపు తోట రంగులు మూడే: గులాబీ ఊదా, పూర్తి తెలుపు, ఎర్ర బొట్టున్న తెలుపు.
- ఆకులో, వేరులో: వందకు పైగా ఆల్కలాయిడ్లు. వేరులోని అజ్మలిసిన్‌ను రక్తప్రసరణ మందుల్లో వాడతారు.

జమైకా నుంచి వచ్చిన కవరు

షుగర్‌కు బిళ్ళగన్నేరు వాడటం వాట్సాప్ పుట్టించిన మాట కాదు. జమైకాలో దీని ఆకుల కషాయం తాగేవారు. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఫిలిప్పీన్స్‌లో ఇన్సులిన్ దొరక్కపోతే ఇదే దిక్కయింది. మన దేశంలోనూ పల్లె వైద్యంలో ఉంది. ఇన్ని దూరదేశాల్లో ఒకే మాట వినిపిస్తే ఏ పరిశోధకుడికైనా ఆసక్తి కలుగుతుంది.

1952లో జమైకాలోని ఓ వైద్యుడు ఒక కవరులో పాతిక ఆకులు పెట్టి కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే వైద్యుడికి పంపాడు. ఈ క్లార్క్ నోబుల్‌కూ షుగర్ జబ్బుకూ పాత బంధం ఉంది. 1921లో టొరంటోలో బాంటింగ్ ఇన్సులిన్ ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు ఆయనకు సహాయకుడిగా వెళ్లాల్సింది ఇద్దరు విద్యార్థుల్లో ఒకరు, చార్లెస్ బెస్టో, నోబులో. నాణెం ఎగరేశారని, బెస్ట్ గెలిచాడని చెబుతారు. ఇన్సులిన్ చరిత్రలో బాంటింగ్ పక్కన బెస్ట్ పేరు నిలిచిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ షుగర్ పేరుతోనే ఆ ఆకుల కవరు నోబుల్ ఇంటికి వచ్చింది. అప్పటికి ఉద్యోగ విరమణ చేసిన ఆయన దాన్ని తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపించాడు. రాబర్ట్ వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు.

రాబర్ట్ ఆ ఆకుల సారాన్ని జంతువులకు తాగించి చూశాడు. రక్తంలో చక్కెర చెప్పుకోదగినంత కదల్లేదు. సరే, సూది ద్వారా ఎక్కించి చూద్దామనుకున్నాడు. ఎలుకలు కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. కోసి చూస్తే ఒళ్లంతా సూక్ష్మజీవుల పుండ్లు. రోగాన్ని ఎదుర్కోవాల్సిన తెల్లరక్తకణాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఎముక మూలుగలో కొత్త కణాలు పుట్టడమే ఆగిపోయింది.

వేరొకరైతే ఆ ఆకుల్ని పారేసి మరో మొక్క వెతుక్కునేవారు. రాబర్ట్ నోబుల్ ప్రశ్నను తిప్పి వేశాడు: తెల్లరక్తకణాలు లెక్కకు మించి పెరిగే జబ్బు ఒకటుంది కదా, అక్కడ ఇది ఏం చేస్తుంది? ఆ జబ్బు లుకేమియా, రక్త క్యాన్సర్. రసాయన శాస్త్రజ్ఞుడు చార్లెస్ బీర్ ఆయనతో చేరాడు. కుప్పల కొద్దీ ఆకుల్లోంచి ఆ పని చేస్తున్న పదార్థాన్ని విడదీసి 1958లో ప్రకటించారు. అదే విన్‌బ్లాస్టిన్. అదే కాలంలో అమెరికాలో ఎలై లిల్లీ సంస్థ శాస్త్రవేత్త గోర్డన్ స్వోబోడా కూడా షుగర్ మాట విని ఇదే మొక్కను పరీక్షకు పెట్టాడు. లుకేమియా ఉన్న ఎలుకలు ఎక్కువ రోజులు బతకడం ఆయన బృందం గమనించింది. ఆ దారిలో విన్‌క్రిస్టిన్ దొరికింది. 1963లో అమెరికా ప్రభుత్వం దాన్ని మందుగా ఆమోదించింది.

షుగర్‌కని వెతికితే ఆ ఆకులో దొరికింది మూలుగను అణిచే పదార్థం. ఈ ఒక్క ముక్క వీడియోల్లో ఎవరూ చెప్పడం లేదు.

భీమవరం మందు, బిళ్ళగన్నేరు మందు

1940ల దాకా పిల్లల్లో లుకేమియా అంటే వారాలు, మహా అయితే కొద్ది నెలలు. మొదటి వెలుగు తెచ్చినవాడు మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనకు నాయకత్వం వహిస్తూ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను తయారుచేయించారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి, జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందు చెల్లెలే మెథోట్రెక్సేట్.

అయితే జబ్బు తగ్గినట్టే తగ్గి తిరిగి వచ్చేది. ఏ ఒక్క మందుకూ లొంగేది కాదు. 1960ల తొలినాళ్లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అనే ఇద్దరు వైద్యులు సాహసించి నాలుగు మందుల్ని ఒకేసారి ఇచ్చారు. ఆ నాలుగింటిలో ఒకటి విన్‌క్రిస్టిన్, ఇంకొకటి మెథోట్రెక్సేట్. మన భీమవరం ఆయన దారి చూపిన మందూ, మన గోడవారన పూసే మొక్క మందూ ఒకే పసిబిడ్డ రక్తనాళంలో కలిశాయి. ఆ కూడికే నేటి చికిత్సకు పునాది. ఒకప్పుడు పదిమందిలో ఒక్కరు కూడా నిలవని జబ్బులో, మంచి చికిత్స పూర్తిగా అందేచోట ఇప్పుడు పదిలో తొమ్మిదిమంది దాకా పిల్లలు కోలుకుంటున్నారు. ఈ సంగతి మన బడి పుస్తకాల్లో బిళ్ళగన్నేరు బొమ్మతో, సుబ్బారావు గారి బొమ్మతో పక్కపక్కన అచ్చేయాలని నా కోరిక.

విన్‌క్రిస్టిన్ చేసేది చెప్పుకోవడానికి సులువే. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి పోగులు లేచి జన్యుద్రవ్యాన్ని చెరోవైపుకు లాగుతాయి. ఈ మందు ఆ పోగుల్ని కట్టుకోనివ్వదు. చీలలేక కణం చచ్చిపోతుంది. క్యాన్సర్ కణాలు ఎప్పుడూ చీలుతూనే ఉంటాయి కాబట్టి వాటికే ఎక్కువ దెబ్బ.

చెన్నై రైలు

ఇదంతా ఒక తల్లి కళ్లతో చూస్తే వేరుగా ఉంటుంది. తీరపల్లెలో నాలుగేళ్ల బిడ్డకు విడవని జ్వరం, ఒంటి మీద కారణం లేని కమిలిన మచ్చలు. ఊళ్లో సూది, నెల్లూరులో రక్తపరీక్ష, ఆ పైన ఎవరూ గట్టిగా పలకని జబ్బు పేరు. ఇక్కడి నుంచి చాలా కుటుంబాలు తిరుపతికో, వేలూరుకో, 175 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకో దారిపడతాయి. అడయార్‌లో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి 1954లో నెలకొల్పిన క్యాన్సర్ ఆసుపత్రి పేరు ఈ జిల్లాలో తెలియనివాళ్లు తక్కువ.

చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. మొదటి వారాల్లో వారానికోసారి విన్‌క్రిస్టిన్. ఫ్రిజ్‌లో దాచిన చిన్న సీసాలో నీళ్లలా తేటగా ఉండే మందు. నరంలోకి మాత్రమే ఎక్కించాలి. పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణమే పోతుంది. అందుకే ఆసుపత్రుల్లో దాని మీద ప్రత్యేకంగా హెచ్చరిక రాస్తారు. జుట్టు ఊడుతుంది. మలబద్ధకం వేధిస్తుంది. కాళ్లలో తిమ్మిరి ఎక్కి, పరుగెత్తే పిల్లాడు మడమలు ఆనించలేక తడబడతాడు. తండ్రి వేట మానుకోవాలి, లేదా అప్పు చేయాలి. తల్లి పెద్దబిడ్డను అమ్మమ్మ ఇంట్లో వదిలి రావాలి. సగంలో చికిత్స ఆపేసే కుటుంబాలు ఉన్నాయంటే మందు లేక కాదు. రైలు ఛార్జీ, బస, పోయిన కూలి కలిసి వాళ్లను వెనక్కి లాగుతాయి. ఇంటికి తిరిగొచ్చిన తల్లికి వాకిట్లోనే ఆ మొక్క కనిపిస్తుంది. ‘ఈ ఆకులోంచే గదా మందు, ఇదే పిండి తాగిస్తే?’ అన్న ఆలోచన రావడం సహజం. దానికి జవాబు లెక్కలో ఉంది.

మూడు కిలోల ఎండాకు, ఒక్క సూది

గ్రాము విన్‌బ్లాస్టిన్ కావాలంటే సుమారు 500 కిలోల ఎండు ఆకు కావాలి. గ్రాము విన్‌క్రిస్టిన్‌కు దాదాపు 2,000 కిలోలు. పిల్లలకు ఒక్కసారి ఇచ్చే మోతాదు ఒకటీ ఒకటిన్నర మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఒక్క సూది వెనక మూడు కిలోల దాకా ఎండు ఆకు ఉన్నట్టు. గుప్పెడు ఆకు నమిలితే ఆ మందు అందదు. అందేది మిగతా వంద రకాల ఆల్కలాయిడ్లు. ఏది ఎంతుందో ఎవరికీ తెలీదు. లేతాకుకూ ముదురాకుకూ తేడా. ఎండలో పెరిగినదానికీ నీడలో పెరిగినదానికీ తేడా. గులాబీ మొక్కకూ తెల్ల మొక్కకూ తేడా.

ఎలుకల మీద ఆకుసారం చక్కెర తగ్గించిందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. మనుషులకు ఇంత మోతాదు సురక్షితం, ఇంత పనిచేస్తుందని ఏ మందుల నియంత్రణ సంస్థా ఆమోదించలేదు. కషాయం తాగి తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయిన రోగులు వైద్య పత్రికల్లో నమోదయ్యారు. నోబుల్ ఎలుకలకు జరిగిందే అది.

■ ఆకు జోలికి పోకండి
- షుగర్ మాత్రలు వాడుతూ ఆకు కూడా తింటే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు ముట్టకూడని కషాయం ఇది.
- క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు ఆకు వాడితే మూలుగ మీద దెబ్బ రెట్టింపవుతుంది.
- పసిపిల్లలు ఆకు, కాయ నమిలితే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మొక్క కొమ్మ వెంట తీసుకెళ్లడం మంచిది.

ఇసుక నుంచి ఎగుమతిదాకా

ఈ తీరపు ఇసుకలోంచి మొక్కలు దేశాలు దాటడం కొత్త కాదు. అద్దకపు బట్టలకు ఎర్ర రంగునిచ్చిన చిరివేరును ఒకప్పుడు శ్రీహరికోట యానాదులు ఇసుకలో తవ్వి తీసేవారు. సుగంధిపాల వేరు, తేనె కూడా వాళ్ల చేతుల మీదుగానే అంగడికి చేరేవి. వేరును చూడగానే గుర్తుపట్టే ఆ చూపుకు దక్కిన కూలి ఎంత తక్కువో, దాని మీద ఇతరులు చేసిన వ్యాపారం ఎంత పెద్దదో తలుచుకుంటే బాధేస్తుంది.

బిళ్ళగన్నేరుదీ అదే దారి. మందుల కంపెనీల కోసం దీన్ని పంటగా వేసేది ఎక్కువగా తమిళనాడు దక్షిణ జిల్లాల మెట్ట రైతులు. వానాధారంగా, ఇతర పంటలు నిలవని నేలల్లో వేస్తారు. ఆరో నెలలో ఒకసారి, తొమ్మిదో నెలలో ఒకసారి ఆకు దూస్తారు. ఏడాదికి మొక్కను వేరుతో సహా తవ్వి, ఆకు వేరుగా, వేరు వేరుగా నీడన ఆరబెట్టి అమ్ముతారు. లక్నోలోని సీమ్యాప్ సంస్థ ఈ రైతుల కోసమే నిర్మల్, ధవళ్, ప్రబల్ అనే రకాలు విడుదల చేసింది. తెల్ల పూల నిర్మల్ కొమ్మ ఎండు తెగులును తట్టుకుంటుంది. ఆ సంస్థకు హైదరాబాద్‌లో కూడా పరిశోధన కేంద్రం ఉంది. నెల్లూరు మెట్టల్లో ఎవరైనా వేయాలనుకుంటే ముందుగా కొనేవాడితో ఒప్పందం కుదుర్చుకున్నాకే వేయాలి. కొనేవాళ్లు కొద్దిమందే ఉన్న పంట ఇది.

మొక్కకు పుట్టినిల్లయిన మడగాస్కర్‌కు ఈ మందుల లాభంలో చెప్పుకోదగ్గ వాటా అందలేదు. కషాయం కాచిన జమైకా, ఫిలిప్పీన్స్ పల్లెలకూ అందలేదు. మన దేశం 2002లో జీవవైవిధ్య చట్టం తెచ్చుకోవడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

అంత విలువైన మందుకు కూడా కరువు వస్తుంది. 2019లో అమెరికాలో ఒక తయారీదారు విన్‌క్రిస్టిన్ మానేయడంతో మిగిలిన ఒక్క సంస్థ సరఫరా కుంటుపడి, పిల్లల ఆసుపత్రులు మోతాదులు వాయిదా వేయాల్సి వచ్చింది. పొలం మీద ఆధారపడకుండా దీన్ని చేయలేమా అన్న ప్రశ్న అప్పటికే శాస్త్రవేత్తల ముందుంది. మొక్క విన్‌బ్లాస్టిన్ అణువును ఎన్ని మెట్లలో కడుతుందో సారా ఓకానర్ బృందం 2018 నాటికి చివరి మెట్టు దాకా కనిపెట్టింది. 2022లో కాలిఫోర్నియాలో జే కీస్లింగ్ బృందం రొట్టెను పొంగించే ఈస్ట్ కణాల్లో ముప్పైకి పైగా మెట్లు అమర్చి, విన్‌బ్లాస్టిన్‌కు కావలసిన రెండు భాగాలనూ చేయించింది. ఆ రెండింటినీ తర్వాత ప్రయోగశాలలో కలిపారు.

నర్సరీలో కొత్త రంగులు

మందుల సంగతి పక్కనపెడితే, ఇంత తక్కువ అడిగి ఇంత ఎక్కువ పూసే మొక్క మరొకటి నాకు తెలీదు. కడియం నుంచి వచ్చే లారీలు నెల్లూరు నర్సరీల ముందు దింపే కుండీల్లో ఇప్పుడు బిళ్ళగన్నేరుకు పెద్ద వరస ఉంటుంది. పీచ్ రంగు, లావెండర్, ముదురు ఎరుపు, నడుమ తెల్ల కన్నున్న ఊదా. ‘ఇదీ బిళ్ళగన్నేరేనా?’ అని అడగనివాళ్లు ఉండరు.

ఈ రంగుల వెనక మళ్లీ మడగాస్కరే ఉంది. అమెరికాలో కనెక్టికట్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ పార్కర్ తోట రకాలను అడవి బంధువులతో కలిపి కొత్త రంగులు తీశాడు. ఆయన రకాలు ప్రెటీ ఇన్ రోజ్, పారసోల్ 1991లో అమెరికాలో తోటమొక్కల పురస్కారాలు అందుకున్నాయి. ఆ తర్వాత పసిఫికా వరసలో అసలైన ఎరుపు, టైటాన్ వరసలో అరచేతిని కప్పే పెద్ద పూలు, కుండీ అంచుల మీదుగా జారే మెడిటరేనియన్ వరస వచ్చాయి. 2012లో పురస్కారం గెలిచిన జామ్స్ అండ్ జెల్లీస్ పువ్వు దాదాపు నల్లగా కనిపించే ఊదా. కొత్త రకాల్లో మన తీరానికి నేను ముందుగా చెప్పేది కోరా వరస. నవంబరు ముసురులో కాండం నల్లబడి, మొక్క రాత్రికి రాత్రే వాలిపోయే ఫైటోఫ్తోరా కుళ్లును తట్టుకునేలా దాన్ని తయారుచేశారు.

సంకరజాతి మొక్కల గింజలు తల్లిలాంటి పిల్లల్నివ్వవు. రెండో తరంలో రంగులు చెదిరిపోతాయి. మన పాత గులాబీ, తెలుపు, ఎర్రబొట్టు రకాలు మాత్రం ఏటా అవే పూస్తాయి, ఉప్పునీటి బోరు కిందా బతుకుతాయి. కొత్త కుండీ మోజులో వాటిని పెరికేయడం నాకు నచ్చదు.

■ తీరంలో పెంచడం ఇలా
- సంక్రాంతి తర్వాత, వానలు వెనకబడ్డాక విత్తండి. గింజకు చీకటి కావాలి. పల్చగా మట్టి కప్పి, మొలక కనిపించేదాకా తడి గోనె పరచండి.
- కుండీలో సగం ఇసుక ఉండాలి. అడుగున రంధ్రం మూసుకుపోకూడదు. ఎండ పూటంతా తగలాలి.
- వేలు దూర్చి చూసి మట్టి ఆరితేనే నీళ్లు. ఎక్కువ మొక్కలు చచ్చేది నీళ్లెక్కువై.
- ఏడాది దాటి కాండం మోడుబారితే మోకాలి కింద కత్తిరించండి. కొత్త చిగుళ్లతో పాటు పూలూ వస్తాయి.

పువ్వే ఆకైపోతే

ఒక్కోసారి నిండుగా పూసే మొక్క మీద పువ్వులు చిన్నబడి, పచ్చబారి, చివరికి రెక్కల బదులు ఆకులే వస్తాయి. కొమ్మలు చీపురులా గుబురుకడతాయి. కొందరు వింత రకమనుకుని కొమ్మ అంటు కడతారు. అది ఫైటోప్లాస్మా అనే అతిసూక్ష్మజీవి తెచ్చే జబ్బు. పచ్చదోమలు మొక్క నుంచి మొక్కకు మోస్తాయి. వంగలో చిట్టాకు తెగులు, నువ్వులో వెర్రి తెగులు తెచ్చేవీ ఈ కోవవే. వాటిలో కొన్ని బిళ్ళగన్నేరులోకి కూడా సులువుగా చేరతాయి.

అంత సులువుగా జబ్బు పట్టడమే ఈ మొక్కను ప్రయోగశాలల్లో ఉపయోగపడేలా చేసింది. గూడూరు, పొదలకూరు రైతులకు నిమ్మ మాటెత్తితే గుర్తొచ్చే బెడదల్లో ఆకులు పసుపుబారి చెట్టు క్షీణించే గ్రీనింగ్ ఒకటి. దాని సూక్ష్మజీవిని సీసాల్లో పెంచడం కష్టం. అందుకని శాస్త్రవేత్తలు బంగారుతీగను వంతెనలా నిమ్మ మీదినుంచి బిళ్ళగన్నేరు మీదికి పాకించి, జబ్బును ఈ మొక్కలోకి దించి పరిశీలిస్తారు. ఏళ్ల తరబడి పెరిగే నిమ్మచెట్టులో చూడాల్సింది కొద్ది నెలల్లో కుండీలో కనిపిస్తుంది.

ఇంట్లో అలాంటి ఆకుపూల మొక్క కనిపిస్తే మందు కొట్టి లాభం లేదు. వేరుతో పీకి కాల్చేయండి, ముఖ్యంగా పెరట్లో వంగ ఉంటే. గింజ మాత్రం పక్కనున్న ఆరోగ్యమైన మొక్కది, కాయ పసుపుబారి చిట్లకముందే కోసి కాగితంలో ఆరబెట్టి దాచుకోండి. చీమలు, గాలి ఎత్తుకుపోకముందే తీస్తే ఒక్క మొక్క గింజ వీధంతటికీ సరిపోతుంది.